నారాయణమ్మ వేలిముద్ర వేసిన జట్టు

దిబ్బలపాలెం నారాయణమ్మ మైదానంలో నోరెత్తితే, స్టేషన్లో ఆగిన బండికి గార్డు పచ్చజెండా ఊపడం మరిచిపోతాడని పలాసలో ఒక మాట ఉండేది. జెండా సంగతి ఎలా ఉన్నా గొంతు మాత్రం నిజం. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని పదిహేనేళ్లు వీధులు తిరిగిన గొంతు అది. నెత్తళ్లు, కవ్వళ్లు, సావడాలు అని ఆవిడ మొదటి ఇంటి దగ్గర అరిస్తే, చివరి ఇంట్లో పొయ్యి ముందున్న ఇల్లాలు గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేది.

దిబ్బలపాలెం ఉద్దానం తీరాన, సరుగుడు తోటల వెనక దాక్కున్నట్టుండే చిన్న ఊరు. మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు ఆ వేటను డబ్బు చేసుకొస్తారు. నారాయణమ్మ వారానికి మూడు రోజులు తెల్లారగట్లే బయల్దేరి, కొంత దూరం నడిచి, కొంత దూరం జీడిపిక్కల బండి వెనక వేలాడి, కండక్టరు మనసు బాగుంటే బస్సెక్కి పలాస చేరేది. మధ్యాహ్నానికి గంప ఖాళీ అయ్యేది. తిరుగు బస్సు సాయంత్రం గాని లేదు. ఆ ఎడం సమయంలో కూర్చోవడానికి ఆవిడకు దొరికిన చోటు గూడ్స్ షెడ్డు వెనకాల మైదానం. అక్కడ బెంగాలీ గార్డులు, ఫైర్‌మెన్లు, ఊళ్లో కుర్రాళ్లు కలిసి ఫుట్‌బాల్ ఆడేవారు.

మొదట నీడ కోసం కూర్చుంది. తర్వాత ఆట కోసం కూర్చుంది. ఎవరు ఎటు పరుగెడుతున్నారో, ఎవరికి ఎవరు బంతి ఇవ్వకుండా మోసం చేస్తున్నారో నెల తిరగకుండా ఆవిడకు తెలిసిపోయింది. వల ఎటు నుంచి లాగితే చేప ఎటు తిరుగుతుందో తెలిసినదానికి అదేమంత బ్రహ్మవిద్య కాదు. అరవడం మొదలుపెట్టింది. పక్కన జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లు చేరారు. రైల్వే కూలీలైన కలాసీలు చేరారు. నారాయణమ్మ కూర్చున్న వైపు మైదానంలో అరుపుల వైపు అయిపోయింది.

ఆవిడ తమ్ముడు పాపారావు ఒకరోజు గంప మోయడానికి తోడు వచ్చాడు. గీత దాటి వచ్చిన బంతిని వట్టికాలితో తిరిగి తన్నాడు. ఆ బంతి మైదానమంతా దాటి అవతలి గోలు కర్ర మీద పడింది. ఆట ఆగిపోయింది. హైస్కూల్ డ్రిల్లు మాస్టారు నరసింహమూర్తి విజిల్ నోట్లోంచి తీసి, "ఎవడయ్యా నువ్వు?" అన్నాడు.

"నా తమ్ముడు బాబూ," అంది నారాయణమ్మ, తనే తన్నినంత గర్వంగా.

అలా పాపారావు టౌన్ క్లబ్బులో చేరాడు. ఆ క్లబ్బు జీడిపిక్కల ఫ్యాక్టరీ యజమాని లోకనాథం షావుకారుది. బంతులు ఆయనవి, బనీన్లు ఆయనవి, ఆట అయ్యాక ఇచ్చే టీ ఆయనది. పాపారావు ఆడిన రోజు వేట పోయేది. అయినా ఆడాడు. మైదానంలో జనం తన పేరు పిలుస్తుంటే, ఆ రోజు కూలి పోయిన సంగతి వాడికి గుర్తొచ్చేది కాదు.

పంతొమ్మిది వందల యాభై మూడులో, ఎండాకాలం చివర, టెక్కలిలో బరంపురం జట్టుతో ఫైనల్ పడింది. షావుకారు లారీ పెట్టాడు. పలాసలో ఆటంటే పడిచచ్చేవాళ్లంతా అందులో నిలబడి వెళ్లారు. నారాయణమ్మ ఆ రోజు చేపలు సగం ధరకే వదిలించుకుని, ఖాళీ గంపతో లారీ ఎక్కింది.

జట్టు మైదానంలోకి వచ్చింది. అరవడానికి నోరు తెరిచిన నారాయణమ్మ తెరిచినట్టే ఉండిపోయింది. పదకొండుగురిలో ఒక్కడూ తెలిసినవాడు లేడు. అందరి కాళ్లకూ బూట్లున్నాయి. పాపారావు గీత పక్కన నీళ్ల బిందె దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పంతులుబాబూ, మనోళ్లేరీ?" అని అడిగింది పక్కనున్న నరసింహమూర్తిని.

"ఖరగ్‌పూర్ నుంచి తెప్పించారట. కప్పు గెలవాలి కదా," అన్నాడాయన, తల తిప్పుకుని. ఆయనకీ మింగుడు పడలేదు.

"ఈలు గెలిత్తే గెలిసింది ఎవులు బాబూ?"

సగం ఆట అయ్యి ఈల వేశారు. ఖరగ్‌పూర్ వాళ్లలో ఒకడు నీళ్లు తాగి, గ్లాసు పాపారావు చేతికి ఇవ్వకుండా నేల మీదికి విసిరాడు. పాపారావు వంగి తీశాడు. అది చూసింది నారాయణమ్మ. గంప చంకన పెట్టుకుని, గీత దాటి, సరాసరి మైదానం నడిమధ్యకు నడిచి, సున్నం గుండ్రంలో చతికిలబడింది.

జనం నవ్వారు. తర్వాత జీడిపప్పు ఒలిచే బొడ్డమ్మ లేచి వెళ్లి పక్కన కూర్చుంది. తర్వాత నలుగురు కలాసీలు. తర్వాత నరసింహమూర్తి. పంచె అంచు దుమ్ము కాకుండా ఎత్తి పట్టుకుని, అందరికంటే ఆఖర్న పలాస స్టేషన్లో పార్సిలు గుమస్తా వేంకటాచలం వచ్చి కూర్చున్నాడు. అరగంట గడిచేసరికి మైదానం మధ్య డెబ్భై ఎనభై మంది ఉన్నారు.

లోకనాథం షావుకారు స్వయంగా వచ్చాడు. "లేవే. చేపల కంపు ఇక్కడికి కూడా తెచ్చావా?" అన్నాడు.

నారాయణమ్మ లేచి నిలబడింది. "మీ జట్టు మీరుంచుకోండి బాబూ. మా అరుపులు మాకిచ్చీండి. ఎల్లిపోతాం," అంది.

అందరూ లేచారు. పాపారావు బిందె అక్కడే వదిలి వచ్చేశాడు. షావుకారి లారీ ఎవరూ ఎక్కలేదు. ఎండలో నౌపడా స్టేషన్ దాకా నడిచారు, పాసింజరు అందుకుందామని. ఆ రోజు కప్పు టౌన్ క్లబ్బే గెలిచిందని తర్వాత తెలిసింది.

పాసింజరు ఆలస్యం. ఉప్పు మళ్ల మీంచి గాలి వస్తుంటే ప్లాట్‌ఫారం మీద కూర్చుని, మాట మీద మాట అనుకుని, బండి వచ్చేలోగా వాళ్లు ఒక జట్టు పెట్టేశారు. పేరు ఉద్దానం ఫుట్‌బాల్ సంఘం. వేంకటాచలం జేబులోంచి పార్సిలు రసీదుల పుస్తకం తీసి, ఒక కాయితం తిరగేసి రాశాడు. జట్టులో మన చుట్టుపక్కల ఊళ్లవాళ్లే ఆడాలి. జట్టు ఎవరో ఒక్కరి సొత్తు కాకూడదు, ఆట చూడ్డానికి వచ్చేవాళ్లందరిదీ కావాలి.

"ఇయన్నీ బాగున్నాయి," అన్నాడు పాపారావు. అప్పటిదాకా వాడు నోరు విప్పలేదు. "నాను ఆటకొత్తే ఏటకెవుడు ఎల్తాడు? పోయినేడు ఎన్ని పూటలు పస్తున్నామో అప్పకి తెలుసు."

నరసింహమూర్తి గొంతు సవరించుకుని, కలకత్తాలో పెద్ద క్లబ్బులు ఆటగాళ్లకు జీతాలిస్తాయనీ, అందులో తప్పేమీ లేదనీ అన్నాడు. ఆట ఆడేవాడికి కూలి ఇవ్వకుండా చప్పట్లు కొట్టడమే తప్పు అన్నాడు.

"అయితే అది కూడా రాయండి," అంది నారాయణమ్మ. "ఏటకెల్తే వచ్చేదానికి తగ్గకుండా ఇయ్యాల. అందరం ఏసుకుందాం. టిక్కెట్లు పెడదాం. నెలకింత అని ఇద్దాం."

వేంకటాచలం రాశాడు. మొదటి సంతకం ఎవరిది అన్న ప్రశ్న వచ్చినప్పుడు అందరూ నారాయణమ్మ వైపు చూశారు. గుమస్తా తన రంగు పెన్సిలు ఉమ్మితో తడిపి ఆవిడ బొటనవేలికి రుద్దాడు. ఆ వేలి మీద చేపలకత్తి తెగి మానిన గాటు ఉంది. కాయితం మీద ఊదారంగు ముద్ర మధ్యన గాటు తెల్లగా, అడ్డంగా పడింది.

ఇంట్లో ఆవిడ మొగుడు నూకయ్య ఈ కబురు విని వల అల్లడం ఆపలేదు. పడవ నూకయ్యది. దాని మీద పాపారావు నాలుగో మనిషి. "మరి నాలుగోవోణ్ణి ఎక్కడ తెచ్చుకోను?" అన్నాడు.

"దొరుకుతాడులే. ఆడికి నెలనెలా జీతం. ఉద్దోగంలా."

"కాలు బాగున్నన్నాల్లు ఇత్తారు. కాలు పోతేనో?"

"నోటికొచ్చింది అనకు. నీకేటి, దొంగ ఏడుపు. ఆడికేటైనా అయితే నాను లేనా?"

పాపారావు పెళ్లాం అసిరమ్మ పక్కింటి గుమ్మంలో చంటిపిల్లకు పాలిస్తూ ఆ మాట వింది. వదిన మాటంటే ఆ ఇంట్లో అందరికీ నమ్మకం.

మొదటి రెండేళ్లు ఆవిడ జీవితంలో తీపి ఏదైనా ఉంటే అదే. జట్టులో వేటకు పోయే పల్లెవాళ్లు ఏడుగురు, ఇద్దరు మందస వైపు రైతు కుర్రాళ్లు, ఇద్దరు రైల్వేవాళ్లు. అందరివీ వట్టికాళ్లే. బనీన్లకు నీలం రంగు ఇందుమతి అనే టీచరమ్మ ఇంట్లో అద్ది ఇచ్చింది. మొదటి వానకు రంగు కారి ఆటగాళ్ల ఒళ్లన్నీ నీలమయ్యాయి. నెల మొదట్లో వేంకటాచలం ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి జీతం చేతిలో పెట్టేవాడు. పాపారావు తన జీతం తెచ్చి ముందు అప్ప చేతికి తాకించి, తర్వాత అసిరమ్మకు ఇచ్చేవాడు.

యాభై అయిదులో టౌన్ క్లబ్బుతో ఆట పడింది. వానలో. షావుకారి జట్టు బూట్లు బురదలో దిగబడిపోయాయి. వట్టికాళ్ల వాళ్లకు ఇసక, బురద కొత్త కాదు. ఒక్కో గోలుతో సమానంగా ఉండగా, చివర్లో పాపారావు ఇద్దరి మధ్యలోంచి దూరి బంతిని లోపలికి నెట్టి తనూ బంతితో పాటు వల మీద పడ్డాడు. నారాయణమ్మ అరిచిన అరుపుకు గొంతు పోయింది. నాలుగు రోజులు మాట రాక, వీధుల్లో గంప దించుకుని చప్పట్లు కొట్టి చేపలమ్మింది. ఎందుకో తెలిసిన ఇల్లాళ్లు నవ్వుతూ రెండు గుప్పిళ్లు ఎక్కువ కొన్నారు.

ఆ గెలుపు తర్వాత జట్టు గురించి ఊళ్లో పెద్దవాళ్లు మాట్లాడడం మొదలుపెట్టారు. వకీళ్లు చేరారు, ఇద్దరు వర్తకులు చేరారు. ఒకరోజు వేంకటాచలం సంతలో నారాయణమ్మను వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో మూడు పేజీల కాయితాలు, వేలిముద్రల సిరా ప్యాడు ఉన్నాయి.

"సంఘాన్ని రిజిస్ట్రీ చేయిస్తున్నాం నారాయణమ్మా. నియమాలు పాతవే, కాస్త పద్ధతిగా రాశాం. మొదటి ముద్ర నీదే ఉండాలని మాస్టారు పట్టుబట్టారు."

బేరం మధ్యలో ఉంది. ఎదురుగా ఇద్దరు కొనేవాళ్లు. చేతులు చేపల పొలుసుతో నిండి ఉన్నాయి. చీర కుచ్చెళ్లకు వేలు తుడుచుకుని, మూడు కాయితాల మీదా వేసింది. మొదటి ముద్ర నీదే అన్న మాట ఆ రోజంతా చెవిలో తియ్యగా ఉంది.

తర్వాతి ఏడాది మైదానంలో షామియానా లేచింది. కుర్చీలు వేశారు. కార్యదర్శి అయిన నరసింహమూర్తి ఇస్త్రీ చొక్కా వేసుకుని, తహసీల్దారు వస్తున్నారని హడావిడి పడుతూ నారాయణమ్మ దగ్గరికి వచ్చాడు.

"ఏమనుకోకు నారాయణమ్మా. పెద్దలు వస్తున్నారు, వాళ్లింటి ఆడవాళ్లు వస్తున్నారు. ఈ గంపలూ అవీ... మీరంతా ఈ ఒక్క పూటకి ఆ గోలు వెనక్కి వెళ్లి కూర్చుంటే బాగుంటుంది."

బొడ్డమ్మ వెంటనే, "ఏటప్పా, టెక్కల్లో షావుకారు అన్నదీ ఇదే గదా," అంది.

నారాయణమ్మ దాని నోరు మూయించింది. "ఒక్క పూటే గదే. మన జట్టుకి పెద్దోలొత్తే మనకే పేరు. లెగండి," అని అందరికంటే ముందు తనే గంప ఎత్తుకుని గోలు వెనక్కి నడిచింది. ఆ ఒక్క పూట తర్వాత ఇంకో పూట వచ్చింది. దసరాకి కుర్చీల వైపు రాకుండా వెదుళ్లు అడ్డం కట్టారు. ఎవరూ పొమ్మనలేదు, ఆవిడే అలవాటు పడింది. తమ జట్టులోకే ఖరగ్‌పూర్ నుంచి ఇద్దరు ఆటగాళ్లు వచ్చినప్పుడు కూడా, ఇద్దరే గదా అని సర్దిచెప్పుకుంది. ఆ సర్దిచెప్పుకోవడాలన్నీ తర్వాత ఒక్కొక్కటీ గుర్తొచ్చి ఆవిడను తినేశాయి.

యాభై ఏడు మాఘమాసంలో పాపారావు మోకాలు పోయింది. బరంపురం నుంచి వచ్చిన జట్టులో ఒక బలమైనవాడు అడ్డంగా వచ్చి పడ్డాడు. గోలు వెనకనుంచి నారాయణమ్మకు ఆ చప్పుడు వినిపించింది. ఎండిన కొబ్బరిమట్ట విరిగినట్టుంది. జోలె కట్టి తీసుకెళ్లారు. మందస నుంచి కట్లు కట్టే ఆయన్ని పిలిపించారు. ఆకుపసరు, కోడిగుడ్డు సొన వేసి బద్దలు కట్టాడు. నలభై రోజుల తర్వాత విప్పితే కాలు వంగలేదు. కర్ర లేకుండా నిలబడగలిగాడు గాని పరుగన్న మాట ఇక లేదు.

రెండు నెలలు జీతం వచ్చింది. మూడో నెల రాలేదు. నాలుగో నెల నారాయణమ్మ సంఘం సమావేశం ఎప్పుడో కనుక్కుని, పిలవకపోయినా వెళ్లింది. హైస్కూల్లో ఒక గది. మధ్యాహ్నం. బల్లల మీద ఎనిమిది మంది. నౌపడా ప్లాట్‌ఫారం మీద కూర్చున్నవాళ్లలో ఇప్పుడు మిగిలింది నరసింహమూర్తి, వేంకటాచలం, మూలన ఒక ముసలి కలాసీ మాత్రమే.

"రా నారాయణమ్మా. కూర్చో," అన్నాడు నరసింహమూర్తి. కూర్చోవడానికి ఖాళీ బల్ల లేదు. ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడింది.

"మా వోడి జీతం బాబూ."

"అదే మాట్లాడుతున్నాం. నీ బాధ మాకు తెలియనిది కాదు. కాని సంఘానికి నియమాలున్నాయి కదా."

"ఏటకెల్తే వచ్చేదానికి తగ్గకుండా ఇత్తామని రాసుకున్నాం గదా. నౌపడాలో. మీరే గదా అన్నారు, కూలి ఇవ్వకపోడం తప్పని."

కొత్తగా చేరిన ఒక వకీలు సౌమ్యంగానే, "ఆడేవాళ్లకు, అమ్మా. ఆడేవాళ్లకు అని ఉంది," అన్నాడు. వేంకటాచలం వైపు చేయి చాచాడు. గుమస్తా కాయితాలు విప్పి, ఎక్కడ చదవాలో తెలిసి కూడా కాసేపు వెతికాడు. ఆఖరికి చదివాడు. వరుసగా మూడు ఆటలు ఆడలేని ఆటగాడికి, కారణం ఏదైనా సరే, జీతం చెల్లదు. సంఘం అతనికి బాధ్యత వహించదు.

"ఇదెప్పుడు రాశారు?"

వేంకటాచలం కాయితం ఆవిడ ముందుకు పెట్టాడు. నారాయణమ్మకు అక్షరం రాదు. చదవాల్సిన అవసరం రాలేదు. కింద, అందరి సంతకాల కంటే ముందు, బొటనవేలి ముద్ర ఉంది. దాని మధ్యన తెల్లటి గాటు అడ్డంగా ఉంది.

అరుస్తుందని అందరూ అనుకున్నారు. కాని ఆవిడ గొంతు లేవలేదు. ఆ ముద్రకేసి చాలాసేపు చూసింది. తప్పు ఎవరిదని వేలెత్తి చూపలేని పరిస్థితి ఆవిడకు అదే మొదటిసారి.

"అప్పుడు నీకు చదివి వినిపించాననే అనుకున్నాను నారాయణమ్మా," అన్నాడు వేంకటాచలం, నేల చూపులు చూస్తూ. "అందరికీ ఒకటే నియమం కదా అని... ఇలా పాపారావుకే వస్తుందని ఎవరనుకున్నాం?"

"నువ్వు సదవనేదు బాబూ. నాను అడగనేదు," అంది నారాయణమ్మ. "నియమం వొదిలెయ్యండి. మడుసులుగా సెప్పండి. ఆడి కాలు మీకోసం పోయింది. ఇత్తారా, ఇవ్వరా?"

వకీలు చేతులెత్తమన్నాడు. నియమం ప్రకారమే పోదామన్నవాళ్లు చేతులెత్తాలి. అయిదు చేతులు వెంటనే లేచాయి. నరసింహమూర్తి చెయ్యి ఆరోది. వేంకటాచలం చెయ్యి చెవి దాకా లేచి, అక్కడే తల గోక్కుంటున్నట్టు ఆగింది. దాన్ని కూడా లెక్కలో వేసుకున్నారు. ఎనిమిదో మనిషి, మూల కూర్చున్న ఆ ముసలి కలాసీ, చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరుకున్నాడు.

నారాయణమ్మ తిరిగి దిబ్బలపాలెం వచ్చేసరికి పాపారావు గుమ్మంలో కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. పక్కనే అసిరమ్మ బియ్యం ఏరుతోంది. దాచడం నారాయణమ్మకు రాదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

"ఆ ఏలు నీదేనా అప్పా?" అన్నాడు పాపారావు.

"నాదే."

"ఏటి రాసుందో అడగనేదా?"

"నేదురా. బేరంలో ఉన్నాను."

పాపారావు నవ్వాడు. అలాంటి నవ్వు ఆవిడ వాడి నోట ఎప్పుడూ వినలేదు. తర్వాత గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అసిరమ్మ చేట కింద పెట్టి లేచింది. కోపంగా కూడా అనలేదు.

"నువ్వున్నావనే గదా వదినా, ఆయన తెడ్డు దించీసింది. నువ్వున్నావు గదా అనే నాను నోరు ఇప్పనేదు. మరింక మా గుమ్మం తొక్కొద్దు."

ఆ తర్వాత నారాయణమ్మ ఎండుచేపలు, బియ్యం, పిల్లలకు గుడ్డలు పంపింది. పంపినవి పంపినట్టే తన గుమ్మం ముందు కనపడేవి. నూకయ్య మాత్రం, చెప్పానా అని ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండునని ఆవిడ ఎదురుచూసింది. ఒకసారి తనే రెచ్చగొట్టింది. "అనీయ్. నీ మనసులో ఉందేదో అనీయ్," అంది. అతను వల మీంచి తల ఎత్తి, "ఏటనాల? పడవ మీద కూడా కాళ్లు ఇరుగుతాయి," అన్నాడు. ఆ మంచితనం ఆవిడకు తిట్టుకంటే బరువైంది.

వానలు పడ్డాక ఒక కబురు వచ్చింది. పాపారావు కర్ర పట్టుకుని పలాస వెళ్లి లోకనాథం షావుకారి ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డాడట. రెండు రోజులు నిలబెట్టి, మూడో రోజు పిలిచి, గేటు కాపలాకి పెట్టుకున్నాడట షావుకారు. పెట్టుకునే ముందు టెక్కలి సంగతి గుర్తుచేసి, "నీ అప్ప అరుపులు తీసుకుపోయింది కదరా, వాటితో బతకలేకపోయారా?" అన్నాడట. పాపారావు తల వంచుకుని విన్నాడట. అసిరమ్మ, పిల్లలు కూడా పలాసలో ఫ్యాక్టరీ వెనక గుడిసెకు మారిపోయారు.

నారాయణమ్మ ఆ తర్వాత పలాస వెళ్లలేదు. సంతబొమ్మాళి వైపు ఊళ్లు తిరిగింది, టెక్కలి సంతలో కూర్చుంది. దూరం ఎక్కువ, బేరం తక్కువ. కొత్త ఊళ్లలో ఆవిడను ఎవరూ ఎరగరు. నెత్తళ్లు, కవ్వళ్లు అని మామూలు గొంతుతోనే అరిచేది. అక్కడివాళ్లకు ఆ గొంతులో ప్రత్యేకత ఏమీ కనపడలేదు.

యాభై తొమ్మిదిలో, కార్తీకం వెళ్లాక, నరసింహమూర్తి దిబ్బలపాలెం వచ్చాడు. ఇసకలో నడవలేక చెప్పులు చేతపట్టుకుని వచ్చాడు. నారాయణమ్మ ఇంటి ముందు చాపల మీద సావడాలు ఆరబెడుతోంది.

"మన జట్టూ టౌన్ క్లబ్బూ కలిసిపోతున్నాయి నారాయణమ్మా. రెండు జట్లను పోషించడం ఈ ఊరి వల్ల కావడం లేదు. షావుకారుగారు అధ్యక్షులుగా ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం సభ, తర్వాత ఆట." ఆయన ఊపిరి తీసుకున్నాడు. "సంఘం పెట్టిన మనిషివి నువ్వు. వేదిక మీద కూర్చోబెట్టి దండ వెయ్యాలని నేనే అన్నాను. షావుకారు కూడా కాదనలేదు."

నారాయణమ్మ చేప తిరగేసింది. "ఏదిక మీదా? గంపతో రావాలా, గంప నేకండానా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "నన్ను తిట్టు. పడతాను. ఆ రోజు చెయ్యి ఎత్తాక నేను సరిగ్గా నిద్రపోయిన రాత్రి లేదు."

"నాను నిద్రపోతన్నాను పంతులుబాబూ. పొద్దత్తమానూ ఒల్లిరిసి పని సేత్తే నిద్ర అదే వత్తాది." ఆవిడ ఇంకో చేప తిరగేసింది. "మా తమ్ముడు వత్తాడా ఆ సభకి?"

"వస్తాడు. గేటు దగ్గర టిక్కెట్లు చూసే పని అతనికే అప్పజెప్పారు."

"ఏదిక మీదకి గాదు."

"కాదు," అన్నాడు నరసింహమూర్తి చిన్నగా.

"అయితే నాకెందుకు దండ? ఎల్లండి బాబూ. ఎండెక్కుతాంది."

ఆయన కాసేపు నిలబడి, ఏమైనా కొందామన్నట్టు చేపల వైపు చూసి, తను తినడని గుర్తొచ్చి, వచ్చినదారినే వెళ్లిపోయాడు.

ఆదివారం ఆట జరిగింది. ఎవరు గెలిచారో ఆవిడ అడగలేదు. ఆ మర్నాడు బొడ్డమ్మ తోట పని మీద ఉద్దానం వచ్చి, ఇంటికి వచ్చి కూర్చుని, చుట్ట వెలిగించి మొత్తం చెప్పింది. షామియానా ఎంత పెద్దది వేశారో చెప్పింది. వేంకటాచలం బదిలీ అయి బరంపురం వెళ్లిపోయాడని చెప్పింది. పాపారావు కొత్త ఖాకీ చొక్కా తొడుక్కుని, కర్ర గోడకు ఆనించి, గేటు దగ్గర టిక్కెట్లు చింపాడట. పాతవాళ్లు చాలామంది ఆగి పలకరించారట. షావుకారు కారు దిగి వెళ్తూ ఆగి, వాడి భుజం మీద చెయ్యి వేసి, మన పాత సెంటరు ఫార్వర్డు ఇతనే అని పక్కనున్న ఆఫీసరుకు చూపించాడట.

"మొకం ఎలగుంది ఆడికి?" అని అడిగింది నారాయణమ్మ.

బొడ్డమ్మ అబద్ధం చెప్పలేదు. "సంబరంగా ఉన్నాడప్పా. నవ్వుతా ఉన్నాడు. ఆ సెయ్యి ఏసినకాడ సొక్కా సవరించుకుంతా మల్లా మల్లా అదే సెప్పాడు నాకు."

షావుకారుని తిట్టుకోవచ్చు, నరసింహమూర్తిని తిట్టుకోవచ్చు. రెండేళ్లుగా నారాయణమ్మ ఆ తిట్లతోనే పొద్దు గడిపింది. ఇప్పుడు తమ్ముడే నవ్వాడంటే ఎవరిని తిట్టాలో తెలియలేదు. లేచి బొడ్డమ్మకు గంజి పోసి, తను తినకుండా చాపల దగ్గరికి వెళ్లి, కాకుల్ని తోలుతూ కూర్చుంది.